25 మీటర్ల పిస్టల్‌కు ఏ రౌండ్లు మేలు? పెల్లెట్ల గురించి కూడా ఒక మాట

ప్రశ్న: మేడమీద రేంజి, అనంతపురం

అందరికీ నమస్కారం. కొన్నేళ్ళుగా 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ కాలుస్తున్నాను. ఉద్యోగం గ్రామ సచివాలయంలో. పింఛన్లు పంచే రోజులు తప్ప మిగతా పొద్దులన్నీ మా మేడ మీదే ప్రాక్టీసు. నీళ్ళ ట్యాంకు దిమ్మె దగ్గర నిలబడితే మెట్లగది గోడకు తగిలించిన, సీసపు పెల్లెట్లను పట్టే ట్రాప్ సరిగ్గా 10 మీటర్లు వస్తుంది. వెనక ఇటుక గోడ, దాని మీద పాత రబ్బరు మ్యాటు, మెట్ల తలుపుకు గడియ. మా అమ్మ వడియాలు పెట్టిన రోజు మాత్రం రేంజి బంద్.

ఇప్పుడు కోచ్ 25 మీటర్ల పిస్టల్ కూడా మొదలుపెట్టమన్నారు. దానికి శనాదివారాలు రైలెక్కి బెంగళూరు పోతున్నాను. పిస్టల్ క్లబ్బుది, పార్డిని ఎస్‌పీ. నా స్పోర్ట్స్ లైసెన్సు అర్జీ ఇంకా కలెక్టరేట్‌లో ఫైళ్ళ మధ్యన ఉంది కాబట్టి రౌండ్లు (తూటాలు) కూడా క్లబ్బువే. అక్కడే తీసుకుని, అక్కడే కాల్చి, మిగిలినవీ, పేలిన తూటాల ఖాళీ ఇత్తడి కేసులూ లెక్క అప్పజెప్పి రావాలి.

క్లబ్బులో మూడు రకాల .22 రౌండ్లు ఉన్నాయి. ఒకటి బాగా చౌక, పేరు ఎందుకులెండి. రెండోది ఎస్‌కే స్టాండర్డ్ ప్లస్. మూడోది ఈలీ టెనెక్స్. టెనెక్స్ ఒక డబ్బా డబ్బుకు రెండోది రెండు డబ్బాలు వచ్చి ఇంకా చిల్లర మిగులుతుంది. చౌకవాటితో అప్పుడప్పుడు రౌండు పేలదు. ప్రెసిషన్ అనే నెమ్మది దశలో అయితే సర్దుకుంటాను, ఐదు షాట్లకు ఐదు నిమిషాలు ఉంటాయి కదా. ర్యాపిడ్ అనే తొందర దశలో మాత్రం నా పని అయిపోతోంది. టార్గెట్ 7 సెకన్లు పక్కకు తిరిగి ఉంటుంది, 3 సెకన్లు కనిపిస్తుంది. ఆ మూడు సెకన్లలో "ఇది పేలుతుందా లేదా" అన్న అనుమానం వచ్చిందంటే వేలు ట్రిగ్గర్ మీద గట్టిగా పడిపోతుంది. టెనెక్స్ కాల్చినప్పుడు మనసు నిమ్మళంగా ఉంటుంది. అది రౌండు గొప్పదనమా, ధర చూసి నాకు కలిగిన భక్తా తెలియడం లేదు.

నా స్కోరు ప్రెసిషన్ 30 షాట్లకు 270 దగ్గర తచ్చాడుతోంది. ఈ స్థాయిలో టెనెక్స్ కొనడం దండగా? లేక మొదటి నుంచీ మంచివాటితోనే అలవాటు పడాలా?

ఇంకొకటి, ఇది నా సొంత డబ్బు సంగతి. ఎయిర్ పిస్టల్ పెల్లెట్లలో 4.49, 4.50 మి.మీ. అని తల కొలతలు, 0.45 గ్రాములు, 0.53 గ్రాములు అని బరువులు. ఆర్డరు పెట్టబోతే ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు. పైగా మన ఎండలు. రేపు లైసెన్సు వచ్చి .22 రౌండ్లు ఇంట్లో పెట్టుకుంటే మే నెలలో వాటి మీద మైనం కారిపోదా?

---

జవాబు: బళ్ళారి చౌరస్తా, కర్నూలు

అక్కా, టెనెక్స్. ఇంకో మాట లేదు. పెద్ద పెద్ద ఛాంపియన్లు ఊరికే వాడరు కదా. ఎంట్రీ ఫీజుకీ రైలుకీ లాడ్జికీ ఇంత పెట్టి, తీరా తూటా దగ్గర పిసినారితనం చేస్తే ఎట్లా? పెల్లెట్లయితే ఆర్‌డబ్ల్యూఎస్ కంపెనీ ఆర్10, 0.45 గ్రాములది. కళ్ళు మూసుకుని కొనెయ్.

---

జవాబు: పాత ఆర్మరర్, కడప

అమ్మా, కర్నూలు తమ్ముడు చెప్పింది తప్పు కాదు. నీకు పనికొచ్చేది కాదు, అంతే. నేను సర్వీసంతా ఆయుధాలు విప్పి బిగించినోణ్ణి. రిటైరైనాక కూడా పిల్లోళ్ళు పిస్టళ్ళు తెస్తే చూసి పంపుతా ఉండా. నువ్వు అడిగిన దాంట్లో మూడు ప్రశ్నలు ముడి పడి ఉండాయి. విడదీస్తాను, కొంచెం ఓపిక పట్టు.

ముందు గ్రూపు సంగతి, అంటే కాల్చిన గుండ్లన్నీ ఎంత దగ్గరగా పడినాయో ఆ కొలత. 25 మీటర్ల ప్రెసిషన్ టార్గెట్లో పది రింగు అడ్డకొలత 50 మి.మీ. మన పది రూపాయల బిళ్ళ 27 మి.మీ. ఉంటాది, లెక్క నువ్వే చూసుకో. గుండు అంచు గీతను తాకినా పై పాయింటే ఇస్తారు. గుండు 5.6 మి.మీ. కాబట్టి దాని నడిమధ్య టార్గెట్ నడిమికి 27.8 మి.మీ. లోపల పడితే చాలు, పదే. ఇప్పుడు మంచి పిస్టల్‌ను ఇసుక సంచి మీద ఆనించి మామూలు స్టాండర్డ్ రౌండ్లు కాల్చితే 25 మీటర్లకు 20 మి.మీ. అటూ ఇటూ గ్రూపు వస్తాది. ఖరీదువి కాల్చితే 12 వస్తాది అనుకో. రెండూ పదిలోనే పడతాయి, ఇంకా జాగా మిగులుతాది.

మరి పదులు యాడికి పోతా ఉండాయి? 30 షాట్లకు 270 అంటే సగటున షాటుకు తొమ్మిది. ఆ టార్గెట్లో తొమ్మిది రింగు 100 మి.మీ., ఎనిమిది 150. అంటే నీ చేతి చెదురే ఇంచుమించు 100 మి.మీ. ఉండాది అనుకుందాం. దానికి రౌండు చెదురు 20 కలిస్తే 120 కాదమ్మా, ఇక్కడే అందరూ పొరబడతారు. రెండూ ఒకే పక్కకు లాగవు కదా. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీయాల. 100కు 20 కలిపితే 102 చేరదు. 100కు 12 కలిపితే 100.7. టెనెక్స్ కొంటే నీకు దక్కేది మి.మీ. చిల్లర. ఆ డబ్బుతో ఇంకో రెండు శనాదివారాలు రేంజిలో నిలబడితే ఇంతకన్నా శానా ఎక్కువ దక్కుతాది.

ఛాంపియన్ల మాట వచ్చింది కాబట్టి చెప్తా ఉండా. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ 10 మీటర్లలో రెండు కంచు పతకాలు తెచ్చింది, ఒకటి సొంతంగా, ఒకటి సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి. 25 మీటర్లలో, స్కోరు సమానమైనోళ్ళకు పెట్టే షూటాఫ్ దాకా పోయి నాలుగో స్థానంలో ఆగింది. ఆ మెట్టు మీద నిలబడినోళ్ళకు ఆ మి.మీ. చిల్లర కూడా లెక్కే, కొనుక్కుంటారు. మన హైదరాబాదు పాప ఈషా సింగ్ ఆడేది కూడా ఇదే 25 మీటర్లు. వాళ్ళ డబ్బా మీద పేరు చూసి మనం కొంటే వాళ్ళ చెయ్యి మనకు రాదు.

ఇప్పుడు అసలు మాట. 25 మీటర్లకు రౌండును గ్రూపు చూసి ఎంచుకోవద్దు, నమ్మకం చూసి ఎంచుకో. ప్రతిసారీ పేలాల, ప్రతిసారీ కేసు బయటికి ఎగిరిపడాల, తరవాతి రౌండు నున్నగా ఎక్కాల. ఈ మూడూ చేసేది నీ రౌండు, ఎంత చౌకైనా సరే. చేయనిది నీది కాదు, ఎంత ఖరీదైనా సరే. ఎందుకంటే పోటీలో పిస్టల్ మొరాయిస్తే 30 షాట్ల ఒక్కో దశలో ఒక్కసారే ఒప్పుకుంటారు. అది కూడా తప్పు నీది కాదని తేలితేనే. దానికన్నా పెద్ద నష్టం నువ్వే రాసినావు, అనుమానం. పేలని రౌండు పోగొట్టేది ఒక్క షాటును, అనుమానం ఆ సిరీస్ మొత్తాన్ని తినేస్తాది. టెనెక్స్‌తో నీ మనసు నిమ్మళంగా ఉండేది అందుకే. అది భక్తి కాదులే. కానీ అంత నిమ్మళం తక్కువ ధరలో కూడా దొరుకుతాది.

అయితే తీర్పు చెప్పే ముందు తప్పు ఎవరిదో తేల్చు. .22 రౌండుకు మధ్యలో నిప్పు పుట్టించే క్యాపు ఉండదు. అడుగున అంచు చుట్టూ మడత ఉంటాది కదా, ఆ మడత లోపల మందు పూస్తారు. తయారీలో కేసును గిరగిరా తిప్పి మందును అంచులోకి పంపుతారు. ఒకచోట మందు సరిగా చేరకపోతే పిన్ను అక్కడే కొట్టినప్పుడు పేలదు. ఇది రౌండు తప్పు. ఇంకొకటి పిస్టల్ తప్పు. ఛాంబరులో, అంటే రౌండు కూర్చునే గదిలో, మైనం, మసి పేరుకుంటే రౌండు చివరిదాకా కూర్చోదు. పిన్ను దెబ్బలో సగం బలం దాన్ని లోపలికి తోయడానికే అయిపోతాది, మందును నలిపే బలం మిగలదు. క్లబ్బు పిస్టల్ అంటున్నావు. పది మంది కాల్చేదాన్ని ఎంత మంది తుడుస్తారో నాకు తెలుసు.

తేల్చే దారి ఇది. రౌండు పేలలేదా, గొట్టం టార్గెట్ వైపే ఉంచి చెయ్యెత్తు. ఆలస్యంగా పేలే రౌండ్లు ఉంటాయి, 30 సెకన్లన్నా ఆగి, రేంజి ఆఫీసర్ చెప్పినాకే తెరువు. బయటికి వచ్చిన రౌండు అంచు మీద పిన్ను గుర్తు వెలుతురులో చూడు. పక్కన ఒక పేలిన కేసు పెట్టి పోల్చు. గుర్తు లోతుగా, దీర్ఘచతురస్రంగా స్పష్టంగా పడి కూడా పేలకపోతే రౌండే చెడ్డది. గుర్తు పైపైన గీసినట్టు ఉంటే పిస్టల్‌ను అనుమానించు. ఛాంబరు తుడవాల, లేదంటే పిన్నో స్ప్రింగో అరిగి ఉంటాది. క్లబ్బు ఆర్మరర్‌కు చెప్పు, నువ్వు విప్పొద్దు.

ఇంకో జాగ్రత్త, ఇది మాత్రం మరవొద్దు. చప్పుడు "ఫట్" అని నీరసంగా వచ్చి, చేతికి తన్ను తెలియకపోతే అక్కడే ఆగిపో. గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకోటి కాల్చితే గొట్టం ఉబ్బుతాది. ర్యాపిడ్‌లో మూడు సెకన్ల తొందరలో ఉన్నా సరే ఆగాల్సిందే.

ఎక్కడం, ఎగరడం సంగతి. పిస్టల్ తన్నుతోనే తన పని తాను చేసుకుంటాది కాబట్టి మరీ నీరసమైన రౌండ్లయితే స్లైడు పూర్తిగా వెనక్కి పోదు, కేసు బయటికి సగం వచ్చి ఇరుక్కుంటాది. అట్లని హై వెలాసిటీ (ఎక్కువ వేగం) రౌండ్లు వేయొద్దు. టార్గెట్ పిస్టళ్ళ స్ప్రింగులు స్టాండర్డ్ వెలాసిటీకి లెక్క కట్టి పెట్టినవి. ఎక్కువ తన్ను పిస్టల్‌కు చేటు, నీ తరవాతి షాటుకూ చేటు. ఈలీలో టెనెక్స్ గుండు మొన కొంచెం చదునుగా ఉంటాది. కొన్ని పిస్టళ్ళలో అది ఎక్కేటప్పుడు తట్టుకుంటాది. అందుకే ఈలీ వాళ్ళు పిస్టల్‌కని గుండ్రటి మొనతో వేరే రకం చేస్తారు. ఎస్‌కే వాళ్ళకు కూడా పిస్టల్ మ్యాచ్ అని ఒకటి ఉండాది. నీ స్టాండర్డ్ ప్లస్‌ను జర్మనీలో షోనెబెక్‌లో చేస్తారు, లాపువా కంపెనీ కుటుంబమే. దాన్ని తక్కువగా చూడొద్దు.

డబ్బా మీద సెకనుకు ఇన్ని మీటర్లు అని ఉంటాది చూడు, టెనెక్స్ మీద 331. ఆ అంకె రైఫిల్ గొట్టానిది. నీ పిస్టల్ గొట్టం జానెడు కూడా లేదు, అందులోంచి ఇంకా తక్కువే వస్తాది. ధ్వని వేగం దగ్గరికి పోతే గుండు తొణుకుతుందని రైఫిలోళ్ళు 50 మీటర్లకు శానా ఆలోచిస్తారు. 40 డిగ్రీల ఎండలో ధ్వని వేగం 355 దాకా పెరుగుతాది, చలికాలం పొద్దున 15 డిగ్రీలకు 340. మన ఊర్ల ఎండ ఈ ఒక్క విషయంలో మనకు మేలే చేస్తాది. 25 మీటర్లకు ఆ గొడవ నీకు అక్కర్లేదు.

లాటు నంబరు, అంటే ఒకేసారి తయారైన సరుకు నంబరు మాత్రం అక్కర. డబ్బా మీద ముద్ర ఉంటాది. ఒకే పేరైనా లాటు మారితే నడత మారొచ్చు. క్లబ్బోళ్ళను అడిగి ఒకే లాటు డబ్బాలు నీ పేరు మీద పక్కన పెట్టించుకో. ప్రాక్టీసుకు ఒకటి, మ్యాచ్‌కు ఒకటి పెట్టుకోవద్దు. రకం మారితే తన్ను మారతాది, గుండు పడే చోటు మారతాది, సైటు మళ్ళీ తిప్పాల. అంతేకాదు, ఒక్కో కంపెనీ మైనం ఒక్కో తీరు. రకం మార్చినప్పుడు మొదటి పది పదిహేను రౌండ్లకు గొట్టానికి కొత్త మైనం పడతా ఉంటాది, అప్పటి గ్రూపు చూసి తిట్టొద్దు, మెచ్చుకోవద్దు.

పెల్లెట్ల సంగతి రాత్రికి రాస్తాను. కరెంటు పోయింది, ఫోన్లో ఛార్జింగ్ లేదు.

---

జవాబు: నంద్యాల చెక్‌పోస్ట్, కర్నూలు

సార్ పెల్లెట్ల గురించి రాసేలోపు ఎండ గురించి నేను చెప్తానక్కా. మా ఇంట్లో ఇద్దరం కాలుస్తాం, మా చిన్నాన్నకు .22 లైసెన్సు ఉంది.

.22 గుండు మీద పూసే మైనం పల్చటి పొర. బీరువాలో అడుగు అరలో పెడితే మన ఎండకు కూడా ఏమీ కాదు. కారు డ్యాష్‌బోర్డు మీద, బైకు డిక్కీలో మధ్యాహ్నం వదిలేస్తే మాత్రం మెత్తబడి డబ్బా లోపలి అట్టకు అంటుకుంటుంది. ఒక గుండుకు పొర ఉండి ఇంకోదానికి లేకపోతే ఆ తేడా గ్రూపులో కనిపిస్తుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. కొంతమంది ఆ తెలివి చూపిస్తారు. బయటికి తీయగానే చెమ్మ పడుతుంది, ఇత్తడికి అదే పడదు.

ఎండ కన్నా మీ అనంతపురంలో భయపడాల్సింది దుమ్ముకు. ఆషాఢం గాలి మొదలైతే ఎర్రమట్టి సందుల్లో నుంచి కూడా వస్తుంది కదా. మైనం జిడ్డు, దుమ్ము అతుక్కుంటుంది, అది నేరుగా గొట్టంలోకి పోయి గీరుతుంది. రౌండ్లు బల్ల మీద కుమ్మరించొద్దు. డబ్బాలో నుంచి ఐదే తీసి మ్యాగజైనులో పెట్టి మూత వెయ్యి. కింద పడినదాన్ని చీరకొంగుకు తుడిచి మళ్ళీ వేయడం లాంటివి వద్దు, అది లెక్కకు అప్పజెప్పేయ్.

ఒక ముఖ్యమైన సంగతి. క్లబ్బు నుంచి తిరిగొచ్చేటప్పుడు బ్యాగు జేబులు, చున్నీ మడత, ప్యాంటు జేబు అన్నీ తడుముకో. లైసెన్సు లేకుండా ఒక్క రౌండు దగ్గర ఉన్నా ఆయుధాల చట్టం కింద కేసే. రైల్వే స్టేషన్లో స్కానర్ మీద కనబడితే "మరిచిపోయా సార్" అంటే ఎవరూ వినరు. సర్కారు ఉద్యోగం కూడా ఉంది నీకు.

---

జవాబు: పాత ఆర్మరర్, కడప

చెక్‌పోస్ట్ అబ్బాయి బాగా చెప్పినాడు. చున్నీ మడత నాకు తట్టలేదు.

పెల్లెట్లకు వస్తా. లెక్క అదే, కొలతలు వేరు. ఎయిర్ పిస్టల్ పది రింగు 11.5 మి.మీ., పెల్లెట్ 4.5. నడిమధ్య 8 మి.మీ. లోపల పడితే పది. అంటే 16 మి.మీ. గ్రూపు మొత్తం పదుల్లోనే. మంచి మ్యాచ్ పెల్లెట్లు పిస్టల్‌ను బిగించి కాల్చితే రంధ్రం మీద రంధ్రం పడి ఒకే చిరుగు అవుతాయి. మేడ మీద ప్రాక్టీసుకు ఆర్10 ఎందుకు? అదే ఆర్‌డబ్ల్యూఎస్‌లో మైస్టర్‌కూగెల్న్, లేదంటే హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్, రెండూ నీ చేతికి మించినవే. ఆర్10 వద్దనను, పోటీలకు ఒక డబ్బా దాచుకో.

మొన మాత్రం చదునుగా ఉండేదే కొను. గుండ్రటి మొనవి, సూది మొనవి కాగితాన్ని చించుతాయి, రంధ్రం అంచు తెలియదు. చదును మొన పంచింగ్ మిషను కొట్టినట్టు గుండ్రంగా కోస్తాది, గీత తాకిందా లేదా అని తగువు రాదు.

బరువు. 0.45 గ్రాములది పిస్టల్‌కని, 0.53 రైఫిల్‌కని చేస్తారు. ఎయిర్ పిస్టల్ వేగం సెకనుకు 150 మీటర్ల దగ్గర. తేలికది గొట్టంలోంచి ముందుగా బయటపడతాది, నీ చెయ్యి కదిలేదానికి అంత టైం తక్కువ. అట్లని బరువుది వేస్తే పాపమేమీ లేదు. కొన్ని గొట్టాలకు అదే నచ్చుతాది. శక్తి అంతా కలిపితే 5 జౌళ్ళు. 2016 ఆయుధాల నియమాల్లో లైసెన్సు అక్కర్లేని హద్దు 20 జౌళ్ళు, 4.5 మి.మీ. గొట్టం. అందుకే నువ్వు మేడ మీద కాల్చగలుగుతా ఉండావు. అయినా ఆ ఇటుక గోడా గడియా మానొద్దు. 5 జౌళ్ళు కంటిని తీసేదానికి చాలు.

తల కొలత 4.49, 4.50 అనేది నీ గొట్టాన్ని అడగాల్సిన ప్రశ్న, నన్ను కాదు. నూరో వంతు మి.మీ. తేడా అది. చిన్న ప్యాకెట్లు దొరికితే రెండూ తెప్పించు. పిడిని ఇసుక సంచి మీద గట్టిగా ఆనించి, ఒక్కో కార్డుకు ఐదు చొప్పున, రెండు రకాలూ మార్చి మార్చి కాల్చు. ఒకటి మొత్తం కాల్చి తరవాత ఇంకోటి కాల్చొద్దు. ఈలోపు నీ కన్ను అలిసిపోతాది, రెండోదానికి అన్యాయం జరుగుతాది. గాలి లేని పొద్దు చూసుకో. మీ ఊరి గాలికి అరగ్రాము పెల్లెట్ 10 మీటర్లలో కూడా పక్కకు జరుగుతాది, అది కొలత తప్పు అనుకుంటావు. ఒక్క గ్రూపు చూసి మురిసిపోవద్దు, అదృష్టం కూడా చిన్న గ్రూపే వేస్తాది. నాలుగైదు కార్డులు పక్కపక్కన పెట్టి చూస్తే గానీ తెలియదు.

పెల్లెట్ సీసం. వెనక లంగా లాగా విచ్చుకునే అంచు కాగితం మందం కూడా ఉండదు. డబ్బాను రైలు బ్యాగులో గలగలలాడిస్తే అంచులు నొక్కుకుపోతాయి. మూత కింద ఒక ముక్క స్పాంజి పెట్టు. వాడేటప్పుడు ఒక్కోదాన్ని వేళ్ళ మధ్య తిప్పి అంచు చూసి వెయ్యి, నొక్కుకున్నవి సైటర్లకు (లెక్కలోకి రాని మొదటి షాట్లకు) పక్కన పెట్టు. తెల్లటి బూడిద పట్టినవి పారెయ్. కాల్చినాక సబ్బుతో చెయ్యి కడుక్కోకుండా పచ్చడి అన్నం కలపొద్దు, వడియాల పక్కన ట్రాప్ దులపొద్దు.

---

మేడమీద రేంజి, అనంతపురం

అందరికీ ధన్యవాదాలు. సార్, మీరు చెప్పినట్టే చేశాను. పేలని రౌండ్లు పడేయకుండా రేంజి ఆఫీసర్ దగ్గరే ఒక డబ్బాలో వేయించి, క్లబ్బు ఆర్మరర్‌తో కలిసి ట్యూబ్‌లైటు కింద చూశాం. కొన్నింటి మీద పిన్ను గుర్తు సరిగానే ఉంది. కొన్నింటి మీద మాత్రం గోటితో గీరినట్టు ఉంది. ఆయన ఛాంబరులో బ్రష్ తిప్పి తీస్తే నల్లటి జిడ్డు ముద్ద వచ్చింది, ఆయన మొహం చూడాలి. తుడిచాక గీరినట్టు గుర్తులు పోయాయి. చౌకవి ఆ తరవాత కూడా మధ్య మధ్యలో మొరాయిస్తూనే ఉన్నాయి, గుర్తు లోతుగా పడి మరీ. ఎస్‌కే ఇప్పటిదాకా మాట తప్పలేదు. అదే లాటు డబ్బాలు నా పేరు రాసి పక్కన పెట్టించాను. టెనెక్స్ ఊసు ఎత్తలేదు. కర్నూలు తమ్ముడూ, ఏమీ అనుకోకు.

వర్గమూలం లెక్క మా కోచ్‌కు చూపించాను. ఆయన అందరి ముందూ బోర్డు మీద వేయించారు.

ఇంకొక్క అనుమానం. 4.49 కార్డుల్లో గ్రూపు చిన్నగా ఉంది కానీ ఒక్కో కార్డులో ఒక పెల్లెట్ దూరంగా పోతోంది. 4.50లో గ్రూపు కొంచెం పెద్దదే, కానీ ఏదీ పారిపోవడం లేదు. ఏది తీసుకోవాలి?

---

బళ్ళారి చౌరస్తా, కర్నూలు

ఏమీ అనుకోనులే అక్కా. నేను కూడా మా క్లబ్బు పిస్టల్ ఛాంబరు చూడమన్నాను. ఏం వచ్చిందో ఇక్కడ రాయను.

---

పాత ఆర్మరర్, కడప

4.50 తీసుకోమ్మా. కార్డుకొకటి పారిపోతా ఉందంటే ఆ తల నీ గొట్టంలో వదులుగా ఉన్నట్టుంది. ఒక్కోటి గొట్టం లోపలి మెలి గీతల్ని సరిగా పట్టకుండా జారిపోతాది. పోటీలో ఆ ఒక్కటి ఎనిమిదికి పోతే మిగతా నాలుగు ఎంత దగ్గరగా పడినా ఏం లాభం.

అయితే ఆర్డరు పెట్టే ముందు ఇంకో పొద్దు 4.49ను ఏరి కాల్చు, లంగా అంచు నొక్కుకున్నవి ఒక్కటి కూడా లేకుండా. అప్పుడు కూడా పారిపోతే కొలత తప్పు. పారిపోకపోతే తప్పు డబ్బాది, దారిలో దెబ్బ తిని ఉంటాది. కార్డు వెనక ఏ డబ్బాదో పెన్సిల్‌తో రాయి. పెన్ను వద్దు, చెమట చేతికి అలుక్కుపోతాది.